క్లమము సోమరితనము కాదు

మంత్రపురిగా ప్రసిద్ధమైన మంథనిలో గౌతమీస్నానమునకు లేవలేక శయ్యపై పడియున్నవానిని కొందరు సోమరి యందురు, కొందరు ప్రారబ్ధమందురు. రెండును అవివేకమే.

శ్రమ లేకయే కలిగి ఇంద్రియవ్యాపారములను అడ్డగించు అలసటను సుశ్రుతుడు ‘క్లమము’ అని శారీరస్థానమున నిర్వచించెను. నేటి వైద్యులు చెప్పు దీర్ఘకాలిక అలసట వ్యాధిలో అల్పశ్రమకే రోగి మరునాడు మరింత కుంగిపోవును. నిద్రించినను సేద తీరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1969లోనే దీనిని నాడీవ్యాధులలో చేర్చెను. 2015లో అమెరికా వైద్యపండితులు ఇది తీవ్రమైన శారీరకవ్యాధియని నిర్ణయించి, ఆ దేశమున 8,36,000 నుండి 25 లక్షల మంది పీడితులని అంచనా వేసిరి. అయినను నిర్ధారించు రక్తపరీక్ష లేదు, నయము చేయు ఔషధము లేదు. పరిశోధనకు చాలినంత ధనమీయకుండ ఔషధమెట్లు పుట్టును?

ప్రారబ్ధమని చేతులు ముడుచుకొనువారు తమకు జ్వరము వచ్చిన మందు మానుదురా? కర్మసిద్ధాంతము స్వదుఃఖమును సహించుటకే గాని, పరదుఃఖమును ఉపేక్షించుటకు గాదు. భారత వైద్య పరిశోధన మండలి ఈ వ్యాధికి ప్రత్యేకనిధి కేటాయించవలెను. గోపురములకు ద్రవ్యమిచ్చు దాతలు అందొక పాలు ఈ పరిశోధనకు ఈయవలెను. లేవలేనివానిని లేపుటయు దేవతార్చనమే.