పేరొకటే, వంటవాడు వేరు

ఇండియా ప్రయాణమంటే మనవాళ్ళ సూట్‌కేసులో సగం చాక్లెట్లే కదా. ఈసారి సర్దేటప్పుడు కిట్‌క్యాట్ పాకెట్ ఒకటి వెనక్కి తిప్పి చూడండి. అమెరికాలో కొన్నదైతే హెర్షీ అని ఉంటుంది. మన వీధి చివర కిరాణా కొట్లో కొన్నదైతే నెస్లే. అదే ఎర్ర కాగితం, అదే పేరు, వంటవాడు మాత్రం వేరు.

కథ పాతదే. 1935లో ఇంగ్లండులోని యార్క్‌లో రౌన్‌ట్రీ కంపెనీ ఈ చాక్లెట్ మొదలుపెట్టింది. 1970లో అమెరికా వరకు లైసెన్సు హెర్షీకిచ్చింది. 1988లో నెస్లే రౌన్‌ట్రీని మొత్తం కొనేసింది గానీ, ఆ పాత ఒప్పందం అలాగే ఉండిపోయింది. అదే ఏడాది క్యాడ్‌బరీ అమెరికా వ్యాపారం కూడా హెర్షీ చేతికే వచ్చింది. అందుకే ఇండియాలో, ఇంగ్లండులో డైరీ మిల్క్ చేసేది మాండలీజ్, అమెరికాలో హెర్షీ.

డబ్బు పెట్టి కొనుక్కున్న హక్కు, తప్పేముంది అంటారా? అంతవరకు నేనూ ఒప్పుకుంటాను. నా పేచీ ఆ తర్వాత సంగతితో. ఇంగ్లండు డైరీ మిల్క్ తెప్పించి అమ్ముతున్న దిగుమతిదారుల మీద హెర్షీ దావా వేసింది. ఇక తెప్పించం అని వాళ్ళు 2015 జనవరిలో రాజీ పడ్డారు.

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. అసలు ట్రేడ్‌మార్క్ చట్టం ఎందుకండీ? పేరు చూసి కొనేవాడు మోసపోకూడదని. ఇంగ్లండు బార్ మీద పదార్థాల వరసలో ముందు పాలుంటాయి, అమెరికా బార్ మీద ముందు చక్కెర. ఏది మంచిదన్నది ఎవరి నాలుక వాళ్ళది, దాని జోలికి పోను. కానీ రెండూ ఒకటి కాదు. మరి కొనేవాడు తికమకపడతాడని పుట్టింటి సరుకునే ఆపేయడమేమిటి? తికమక పెట్టింది ఒకే పేరుని ఇద్దరికి పంచిన ఒప్పందం. మా ప్రోగ్రామింగులో ఒకే పేరుతో రెండు ఫంక్షన్లుంటే, ఏది ఎక్కడిదో తెలిసేలా ముందు ఇంటిపేరు తగిలిస్తాం. అంతేగానీ ఒకదాన్ని చెరిపెయ్యం.

చాక్లెట్‌కీ అదే చెయ్యొచ్చు. వేరే రకమని లేబుల్ అంటిస్తే కొన్ని సరుకుల్ని రానిచ్చే పద్ధతి అమెరికా కస్టమ్స్ నియమాల్లో ఉండనే ఉంది. ఎవరు చేశారో పాకెట్ ముందువైపే పెద్దక్షరాలతో వేసి, రెండూ పక్కపక్కన పెట్టండి. మిగతాది కొనేవాడు చూసుకుంటాడు.