ఇంటి కాపలా, వీధి తలుపు

పద్యాలు చెప్పుకొని బ్రతికిన పంతులుకు యంత్రాల గొడవెందుకని బ్లాగ్మిత్రులు నవ్వుదురు గాక! చెప్పక తప్పడం లేదు.

మా శ్రీరాంపూర్ ఇంట మనుమడు రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరులో పై-హోల్ అమర్చాడు. ఏ ఫోనైనా ప్రకటనల సర్వరు చిరునామా అడిగితే చెప్పక త్రోసిపుచ్చడమే దాని పని. ఇంటిల్లిపాది ఫోన్లకూ అదొక్కటే కాపలా. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2017లోనే నిషేధించింది. 2025 నాటి కేంద్ర చట్టం అట్టి ఆటల ప్రకటనలను సైతం నేరమన్నది. అయినను చట్టానికి చిక్కని పందెపు ప్రకటనలు గని కార్మికుని ఫోనులో మెరుస్తూనే ఉన్నవి. కనుక ఈ కాపలా విలాసం కాదు, అవసరం.

అయితే గడప దాటగానే ఆ కాపలా ఉండదు. దీనికొక మిత్రుడు సులభోపాయం చెప్పారు: "రౌటరులో 53వ పోర్టు తెరవండి, ఎక్కడినుండైనా వాడుకోవచ్చు." ఈ ఉపదేశాన్నే నేను ఖండిస్తున్నాను. అట్లు తెరచిన తలుపు మీ ఒక్కరిది కాదు. ఎవడో దుండగుడు తన చిరునామాకు బదులు మరొకరి చిరునామా పెట్టి చిన్న ప్రశ్న పంపుతాడు. మీ యంత్రం పెద్ద జవాబును ఆ అమాయకుని నెత్తిన కుమ్మరిస్తుంది. 2013లో స్పామ్‌హాస్ సంస్థను ముంచెత్తినది ఇట్టి తెరచిన తలుపుల వరదయే.

మా గనుల్లో పేరు రిజిస్టరుకెక్కనిదే ఎవడూ క్రిందికి దిగడు. వైర్‌గార్డ్ ధర్మమూ అదే. ముందే తాళపుచెవులు మార్చుకొన్న ఫోనుకే బదులిస్తుంది. పరాయివాడు తట్టితే తలుపున్నట్లే తెలియనీయదు. 2020లో లినక్స్ 5.6 కెర్నెలులోనే చేరింది, వెల లేదు. మీరు మంచిర్యాల స్టేషనులో కూర్చున్నా మీ ఫోను ప్రశ్నలు ఆ సొరంగం గుండా ఇంటికి చేరి, వడపోత పొంది మరలుతాయి. దారిలో పరాయి కంటికి కనబడవు.

"అది కష్టం" అంటారా? కొంత నిజమే. కొన్ని ఇంటర్నెట్ సంస్థలు ఒకే చిరునామాను పలువురికి పంచుతాయి. అట్టిచోట ప్రత్యేక చిరునామా అడిగి తీసుకోవలె. తాళపుచెవులు చేసుకోవలె. వెరసి ఒక మధ్యాహ్నపు శ్రమ. మన సౌకర్యం కోసం ఎవరి సర్వరో కూలడం కన్న ఆ శ్రమ గొప్పదా?

ఆ 53వ పోర్టు తెరచి ఉంచినవారెవరైనా ఉంటే, ముందు వెళ్ళి మూసి రండి. వాదన తరువాత చేసుకొందాం.