పగడాలకూ విరామం కావాలి

లక్షద్వీప్‌లోని కద్మత్, బంగారం వంటి దీవులకు స్కూబా డైవింగ్ పర్యాటకులను మరింతగా రప్పించాలన్న ఉత్సాహం పెరుగుతోంది. పర్యాటకం వద్దనడం లేదు. అయితే ఎంతమంది, ఎప్పుడు నీటిలోకి దిగాలన్నది పగడపు దిబ్బల ఆరోగ్యాన్ని బట్టే నిర్ణయించాలి.

పగడం రాయి కాదు, సున్నపు గూళ్లలో బతికే చిన్న జీవుల సమూహం. ఆ జీవుల కణాల్లో ఉండే సూక్ష్మ శైవలాలే వాటికి ఆహారంలో అధిక భాగాన్ని సమకూరుస్తాయి. సముద్రం వేడెక్కితే ఈ పొత్తు చెడి, శైవలాలు దూరమై, పగడం తెల్లబడుతుంది. ఇదే బ్లీచింగ్. లక్షద్వీప్ పగడాలు 1998, 2010, 2016, 2024లలో ఈ దెబ్బ తిన్నాయి.

తెల్లబడిన పగడం వెంటనే చనిపోదు. నీరు చల్లబడితే కోలుకోవచ్చు. కానీ ఆ దశలో డైవర్ కాలి ఫిన్ తగిలి విరిగినా, పైకి లేచిన ఇసుక కప్పేసినా అది తట్టుకోవడం కష్టం. అందుకే 2016లో థాయిలాండ్ కొన్ని డైవింగ్ ప్రదేశాలను మూసేసింది.

మనమూ బ్లీచింగ్ సమయంలో డైవింగ్ ఆపాలి. ఆ రోజుల్లో స్థానిక గైడ్లకు పగడాల పరిశీలన పని అప్పగించి వేతనం ఇవ్వాలి. మిగతా రోజుల్లో కొత్తవారు ఇసుక నేలపై తేలడం నేర్చుకున్నాకే దిబ్బల దగ్గరికి వెళ్లాలి.

డైవింగ్ ఆపితే సముద్రం చల్లబడదు, నిజమే. కానీ జ్వరంతో ఉన్నవాడిని కనీసం పడుకోనివ్వాలి కదా! ఆ దీవులను అలల నుంచి కాచేది ఈ దిబ్బలే.