మబ్బును తిట్టుకుంటే నొప్పి తగ్గుతుందా?

మబ్బు పడితే చాలు, మా ఇంట్లో అందరూ నా మొహంకేసి చూస్తారు. "ఇవాళ నీకు నొప్పి తప్పదు" అంటారు.

నాది ముఖంలో నరం నొప్పి. డాక్టర్లు ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటారు. చెంపలో కరెంటు షాకు కొట్టినట్టుంటుంది. బస్సు కిటికీలోంచి చల్లగాలి తగిలినా, పళ్లు తోముకున్నా, ముద్ద నమిలినా రావచ్చు. మగవాళ్లకంటే ఆడవాళ్లలోనే ఇది ఎక్కువ. పంటి నొప్పనుకుని మంచి పళ్లు పీకించుకున్నవాళ్లూ ఉన్నారు.

వాతావరణంతో నొప్పికి సంబంధమే లేదని నేననను. బ్రిటన్‌లో కీళ్లవాతం వంటి దీర్ఘకాలపు నొప్పులున్న 2,600 మందికి పైగా పరిశీలించి, మాంచెస్టర్ యూనివర్సిటీవాళ్లు 2019లో ఫలితాలు ప్రచురించారు. గాలిలో తేమ పెరిగినప్పుడు, గాలి పీడనం తగ్గినప్పుడు నొప్పి కాస్త ఎక్కువేనట. అయితే ఆ తేడా కొద్దిపాటిదే.

నా బాధల్లా ఒక్కటే. "వాన వెలిస్తే అదే పోతుందిలే" అంటూ ఆడవాళ్ల నొప్పిని మబ్బుల మీదకు నెట్టేస్తే, వైద్యం ఎప్పుడు చేయించేట్టు? దీనికి కార్బమజెపిన్ అనే మందుంది. డాక్టరు చెప్పిన మోతాదులో, రక్తపరీక్షలు చేయించుకుంటూ వాడాలి. సొంతంగా మొదలుపెట్టకూడదు, ఉన్నట్టుండి మానకూడదు.

నేను క్యాలెండరు గడిలో నొప్పి వచ్చిన వేళ, అప్పుడేం చేస్తున్నానో, ఎండో వానో రాసి పెడతాను. డాక్టరుకు అది వంద మాటలు చెప్పినట్టు. చలిగాలికి చెంపల మీదుగా కొంగు కప్పుకోవడం మనం చేసుకోగలం. మనం నొప్పంటే నమ్మి ఆస్పత్రికి తోడు రావడం మాత్రం ఇంటివాళ్ల వంతు. కాదంటారా?