చుట్టంలా కాదు, ఇంటి పిల్లలా

పిల్లలూ, మీ స్కూల్‌కి ఎప్పుడైనా వేరే దేశం నుంచి ఎక్స్ఛేంజ్ స్టూడెంట్ వచ్చారా? ఆ పిల్లలు చాలావరకు హోటల్లో ఉండరు. ఎవరో ఒకరి ఇంట్లో, ఆ ఇంటి పిల్లల్లో ఒకరిగా ఉంటారు. నాకు ఈ పద్ధతి చాలా నచ్చుతుంది. ఎందుకో చెప్తాను. ముందు ఇలాంటి ఒక సంస్థ కథ వినండి.

అది మొదటి ప్రపంచయుద్ధం జరుగుతున్న కాలం. 1915లో పియాట్ ఆండ్రూ అనే అమెరికా ఆయన ఫ్రాన్స్‌లో అమెరికన్ ఫీల్డ్ సర్వీస్ మొదలుపెట్టారు. పొట్టిగా ఏఎఫ్ఎస్ అంటారు. అందులో చేరిన కుర్రాళ్ళు అంబులెన్సులు నడిపి, గాయపడిన ఫ్రెంచి సైనికుల్ని ఆసుపత్రులకు చేర్చేవాళ్ళు. వాళ్ళలో చాలామంది కాలేజీ విద్యార్థులే. రెండో ప్రపంచయుద్ధంలోనూ ఈ అంబులెన్సులు నడిచాయి. ఇండియా-బర్మా సరిహద్దుకి కూడా వచ్చాయి.

యుద్ధం అయిపోయింది. ఇంక డ్రైవర్లకి పనేముంది? కానీ వాళ్ళ నాయకుడు స్టీఫెన్ గలాటి, ఆయన తోటివాళ్ళు ఇంకో పని ఎత్తుకున్నారు. గాయపడ్డవాళ్ళని మోయడం కంటే, అసలు యుద్ధమే రాకుండా చూడటం మేలు కదా! అందుకు వేర్వేరు దేశాల పిల్లలు చిన్న వయసులోనే కలిసి ఉండాలి. అలా 1947లో 10 దేశాల నుంచి 52 మంది విద్యార్థులు అమెరికాకి చదువుకోవడానికి వచ్చారు. తర్వాత అమెరికా పిల్లలు కూడా బయటి దేశాలకు వెళ్ళారు. ఇప్పుడు ఈ సంస్థ ఇండియాలోనూ ఉంది.

"ఒకరింట్లో ఒకరు ఉంటే యుద్ధాలు ఆగిపోతాయా టీచర్?" అంటారేమో. ఆగలేదు. 1947 తర్వాత కూడా ఎన్నో వచ్చాయి. కానీ ఒక దేశం పేరు వినగానే, అక్కడ మీకు అన్నం పెట్టిన అమ్మ గుర్తొచ్చిందనుకోండి. "ఆ దేశం వాళ్ళందరూ చెడ్డవాళ్ళు" అని ఎవరైనా అంటే మీరు నమ్మరు. నా దృష్టిలో అది చిన్న విషయం కాదు.

అయితే చుట్టంలా వెళ్తే ఇది జరగదు. చుట్టానికి అన్నీ చేతికి అందిస్తాం. ఇంటి పిల్లలైతే తిన్న కంచం కడగాలి, చెప్పిన వేళకి ఇంటికి రావాలి, అప్పుడప్పుడు తిట్లు కూడా తినాలి! భాష వచ్చేది ఆ పనుల మధ్యే. "ఆ గిన్నె ఇలా ఇవ్వు" అనే మాట పుస్తకంలో కంటే వంటింట్లో తొందరగా వస్తుంది.

మీలో చాలామందికి అలాంటి ఇల్లు ముందే ఉంది. అది అమ్మమ్మగారిదో, నానమ్మగారిదో. ఈ సెలవుల్లో అక్కడికి వెళ్తే, ఫోన్ పట్టుకుని సోఫాలో కూర్చోకండి. కరివేపాకు దూసి ఇవ్వండి. తాతయ్యతో కలిసి పాల ప్యాకెట్లు తేవడానికి వెళ్ళండి. తప్పులొచ్చినా తెలుగులోనే మాట్లాడండి. ఎక్స్ఛేంజ్ అంటే ఇచ్చిపుచ్చుకోవడం. కాబట్టి మీ స్కూల్ గురించి, మీ వీధి గురించి మీరూ వాళ్ళకి చెప్పండి. వాళ్ళకి అవి మీరు చెప్తేనే తెలుస్తాయి.

ఆలోచించి రాయండి: వేరే దేశం విద్యార్థి మీ ఇంట్లో ఒక సంవత్సరం ఉండటానికి వస్తే, మొదటి వారంలో ఏ ఇంటిపని నేర్పిస్తారు? ఎందుకు? ఐదు వాక్యాల్లో చెప్పండి.