కరిగించిన రక్తమునకు గడువు ఎంత?

రక్తదానము చేసివచ్చినవారు మమ్మును తరచుగా అడిగే ప్రశ్న ఇది: "అయ్యగారూ, మా రక్తము ఎన్నాళ్ళు నిలువ ఉంటుంది?" ఎర్రకణములను తగిన ద్రావణములో కలిపి బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లో ఉంచితే 42 దినములు. మామూలు గ్రూపులకు ఇది చాలు. దాతలు వస్తూనే ఉంటారు, రావాలి కూడా!

బాంబే గ్రూపువారి సంగతి వేరు. 1952లో డాక్టర్ భెండే, ఆయన సహచరులు బొంబాయిలో కనుగొన్న గ్రూపు ఇది. మామూలు పరీక్షలో ఓ గ్రూపుగానే కనబడుతుంది గాని, వీరికి ఓ రక్తము ఎక్కిస్తే ప్రాణాపాయము. ఇటువంటివారి కోసము రక్తమును గడ్డకట్టించి దాచే పద్ధతి ఉన్నది. గడ్డకట్టుట అంటే గాయము మీద పేరుకొనుట కాదు, మంచువలె బిగియుట. ఊరకే అలా చేస్తే కణములు పగిలిపోతాయి. 1950లో ఇంగ్లండులో ఆడ్రీ స్మిత్ అను శాస్త్రవేత్త, గ్లిజరిన్ కలిపితే అవి పగలకుండా నిలుస్తాయని చూపారు. మన ఇండ్లలో పెదవులు పగిలితే రాసుకొనే గ్లిజరినే! ఆ విధముగా సున్నాకు దిగువ 65 డిగ్రీలు, అంతకు మించిన చలిలో పదేండ్లు దాచవచ్చును.

చిక్కు కరిగించిన తరువాత వస్తుంది. గ్లిజరిన్‌ను ఉప్పునీటితో మెల్లమెల్లగా కడిగివేయాలి. తొందరపడితే కణములు ఉబ్బి పగులుతాయి. పాత పద్ధతిలో కడుగుటకు సంచిని తెరవవలసి వచ్చేది. తెరిస్తే సూక్ష్మజీవులు చొరబడవచ్చును. కాబట్టి గడువు 24 గంటలే. ఆపరేషను మరుసటి దినమునకు వాయిదా పడినదా, ఏండ్ల తరబడి దాచిన సంచి చెత్తపాలు. ఎంత బాధాకరము!

తరువాత వచ్చిన యంత్రములలో గొట్టములు గాలి తగలకుండా అతుకబడి, కడుగుట అంతా మూసిన సంచులలోనే జరుగుతుంది. చివరకు గ్లూకోజు, అడెనిన్, సిట్రేటు, ఫాస్ఫేటు ఉన్న ఏ.ఎస్.-3 ద్రావణము కలుపుతారు. గడువు 14 దినములకు పెరిగినది. కణములు అప్పటికే అలసినవి గనుక 42 దినములు ఆశించలేము. అయినను కాన్పునకు ముందుగానే కరిగించి సిద్ధముగా ఉంచవచ్చు, దూరపు ఊరికి పంపవచ్చు. మా దృష్టిలో ఇదే అసలు మేలు. ఎందుకంటే కరిగించి కడుగుటకు గంటకు పైగా పడుతుంది, రక్తస్రావము అంతసేపు ఆగదు.

ఖర్చు ఎక్కువ గనుక ఈ యంత్రములు అన్ని చోట్లా ఉండవు. మీ ఇంటిలో ఎవరిదైనా బాంబే గ్రూపు అని తేలితే, వారి తోబుట్టువులకు కూడా పరీక్ష చేయించండి. ఒక్కొక్కరిలో అదే గ్రూపు ఉండుటకు నాలుగింట ఒక వంతు అవకాశమున్నది.