ఉచిత సాఫ్ట్‌వేర్‌కు రవాణా ఖర్చు ఎవరిది?

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. అక్కడి ఐఐటీ విద్యార్థుల సంఘం ‘ఖరగ్‌పూర్ ఓపెన్ సోర్స్ సొసైటీ’ వింటర్ ఆఫ్ కోడ్ పేరిట కొత్తవారికి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ రచనలో శిక్షణ ఇస్తోంది. ఈ రంగంలో రాసేవారు ఎక్కువగా స్వచ్ఛంద సేవకులు. వాడేవారు ధర చెల్లించనక్కరలేదు. అయితే ఫైలు సర్వర్ నుంచి కంప్యూటర్‌కు చేరిన ప్రతిసారీ బ్యాండ్‌విడ్త్ ఖర్చవుతుంది. ఆ బిల్లును ఎవరు భరించాలన్నదే నేటి సమస్య.

పైథాన్, రస్ట్ ఫౌండేషన్లు సహా పలు సంస్థలు 2025 సెప్టెంబరు 23న ఉమ్మడి లేఖ విడుదల చేశాయి. కోట్లాది డౌన్‌లోడ్లు జరిగే వ్యవస్థలు విరాళాల మీద, కొద్దిమంది దాతల సౌజన్యం మీద నడుస్తున్నాయని, ఇది ఎల్లకాలం సాగదని అవి హెచ్చరించాయి. పైథాన్ ప్యాకేజీల పంపిణీయే ఫాస్ట్‌లీ సంస్థ విరాళంగా ఇస్తున్న సేవపై ఆధారపడి ఉంది.

భారం మోపుతున్నది సామాన్య వినియోగదారులు కారు. జావా ప్యాకేజీల భాండాగారం మావెన్ సెంట్రల్‌లో 82 శాతం డౌన్‌లోడ్లు ఒక శాతానికి లోపు ఐపీ చిరునామాల నుంచే వస్తున్నట్లు దాని నిర్వాహకులు వెల్లడించారు. కంపెనీల యంత్రాలు పరీక్ష జరిపిన ప్రతిసారీ అవే ఫైళ్లను మళ్లీ దించుకోవడం ఇందుకు ముఖ్య కారణం.

కృత్రిమ మేధ కోసం సమాచారం సేకరించే బాట్లు ఈ ఒత్తిడిని పెంచాయి. సాఫ్ట్‌వేర్ వివరణ పత్రాలను అందించే ‘రీడ్ ద డాక్స్’ నుంచి 2024 మే నెలలో ఒకే బాట్ 73 టెరాబైట్లు దించుకుంది. ఆ సంస్థకు 5,000 డాలర్లకు పైగా ఖర్చయింది. అటువంటి బాట్లను నిరోధించాక రోజువారీ రద్దీ 800 గిగాబైట్ల నుంచి 200కు తగ్గింది.

పరిష్కారాలు తెలియనివి కావు. విశ్వవిద్యాలయాలు ‘మిర్రర్’ అనే నకలు సర్వర్లు నడిపితే మూల సర్వర్‌పై భారం తగ్గుతుంది. పెద్ద ఫైళ్లను టొరెంట్ పద్ధతిలో వాడుకరులే పంచుకోవచ్చు. కంపెనీలు ఒకసారి దించుకున్న ఫైలును తమ వద్దే నిల్వ ఉంచుకుంటే వృథా చాలావరకు ఆగుతుంది.

అందరిపై ఒకే పరిమితి విధించడం మాత్రం న్యాయం కాదు. ఒకే ఇంటర్నెట్ చిరునామాను పంచుకునే హాస్టల్ విద్యార్థులు ఆ పరిమితికి ముందుగా చిక్కుకుంటారు. భారతీయ రైల్వేలో సరుకు రవాణా ఆదాయం ప్రయాణికుల చౌక టికెట్లకు ఆసరాగా నిలుస్తోందన్నది ఖరగ్‌పూర్‌కు తెలిసిన విషయమే. ఇక్కడా అదే సూత్రం వర్తించాలి. టెరాబైట్లలో దించుకుని లాభం గడించే సంస్థలు తమ వాటా చెల్లించాలి; నేర్చుకునే విద్యార్థికి డౌన్‌లోడ్ ఉచితంగానే ఉండాలి. దాతలు వెనుదిరగక ముందే ఈ ఏర్పాటు కుదరడం అవసరం.